దోమతెర కట్టిన మామిడి కొమ్మ

నా బీరువాలో పట్టుచీరల కింద ఒక చేతిరుమాలు ఉంది. తెల్లది, నీలం అంచు. దాని మధ్యలో వెడల్పాటి నల్ల మరక. చుట్టాలెవరైనా చూస్తే, "దీన్నెందుకు దాచావు, పారెయ్యరాదూ?" అంటారు. ముప్పై ఏళ్ల పైచిలుకు తోటల అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు. అవన్నీ అటకెక్కాయి. రుమాలు మాత్రం బీరువాలోనే ఉంది.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఫోన్లో ఆకు ఫొటో పంపి, "మేడమ్, ఇదేం తెగులో చెప్పండి" అని అడుగుతున్నారు. రైతు పక్కనే నిలబడి ఉన్నాడట, తొందరగా చెప్పాలట. వాళ్లను తిట్టాలని నోటిదాకా వస్తుంది గానీ తిట్టలేను. ఎందుకంటే ఒకసారి నేనూ అంతే తొందరలో, జీపు ఇంజను కూడా ఆపించకుండా, తెగులు పేరు చెప్పేశాను. ఆ తొందర వల్ల ఒక మిల్లు మూతపడబోయింది. ఆ సంగతి మీకు చెప్పాలి. పూర్తిగా వినండి, ఎందుకంటే మొదటి సగంలో నేను మీకు అస్సలు నచ్చను.

అప్పటికి తిరువూరు బదిలీ అయి వచ్చి ఆరు నెలలు. అంతకుముందు పనిచేసిన చోట సున్నపు బట్టీలు, రాళ్ల క్వారీలు ఎక్కువ. ఆకు మీద ఎంత దుమ్ము పడితే పంట ఎంత దెబ్బతింటుందో రాసి రాసి నాకు చెయ్యి తిరిగిపోయింది. "దుమ్ము మేడమ్" అని వెనకాల పేరు కూడా పెట్టారు. నాకది బిరుదులాగే ఉండేది. కొత్త చోటికి వచ్చాక కూడా ఏ చేను చూసినా ముందు దుమ్మే కనిపించేది.

మాఘమాసంలో రెడ్డిగూడెం వైపు ఒక ఊరి నుంచి ఫోనొచ్చింది. మామిడి తోటలు నల్లబడిపోతున్నాయి, వెంటనే రమ్మని. ఊరి పేరు ఇక్కడ అనవసరం. అక్కడ రోడ్డు పక్కన ఒక బియ్యం మిల్లు, దాని వెనక వరసగా రసాల తోటలు, బంగినపల్లి తోటలు. ఆ ఏడే మిల్లు షావుకారు ఉప్పుడు బియ్యం కోసం కొత్త బాయిలరు పెట్టాడు. ఊక మండిస్తాడు, గొట్టంలోంచి పొగ వస్తుంది. ఆ ఏడే తోటలు నల్లబడ్డాయి. ఇంకేం కావాలి?

మేం వెళ్లేసరికి రోడ్డు మీద యాభై మంది ఉన్నారు. వాళ్లకు ముందు ఒక పెద్దాయన, పంచె ఎగ్గట్టి, భుజాన తువ్వాలు. రసాల తోట ఆయనది. నలభై ఏళ్ల కిందట వాళ్ల నాన్న పెట్టిన చెట్లు.

"దిగండమ్మా, చూడండి. పూత మీద కూడా నలుపే. ఇట్లా ఉంటే కాయెక్కడ కడతది?" అన్నాడు.

"తేనెమంచు పురుగుకి మందు కొట్టారా?" అని అడిగాను. ఆమాత్రం అడిగానండోయ్.

"మూడుసార్లు కొట్టాం. ఇది పురుగు పని కాదు. అదిగో, ఆ గొట్టం పని."

నేను గొట్టం వైపు చూశాను. బాగానే పొగ వస్తోంది. జీపులోంచే కంచె మీంచి చెయ్యి చాపి ఒక ఆకు కోశాను. నలుపు. చేతిసంచిలోంచి రుమాలు తీసి ఆకును గట్టిగా తుడిచాను. తెల్ల రుమాలు నల్లగా అయింది. దాన్ని రెండు చేతులతో విప్పి పట్టుకుని అందరికీ చూపించాను.

"మసి!" అన్నాను.

జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. అధికారి అనేవాళ్లకు చప్పట్లు అంత తేలిగ్గా దొరకవు గదా, నాకు కడుపు నిండిపోయింది. పెద్దాయన, "ఆ గుడ్డ ఇట్లా ఇవ్వండమ్మా, సాక్ష్యానికి ఉంటది" అని అడిగి తీసుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులో వేసుకున్నాడు. సాయంత్రానికల్లా రుమాలు ఫొటో ఊళ్లో అందరి వాట్సాప్‌లోకీ వెళ్లింది. మా ఆఫీసు గ్రూపులోకి కూడా వచ్చింది.

ఆ రాత్రే రిపోర్టు రాశాను. ఆకుల మీది మసి దగ్గరలోని మిల్లు పొగ వల్ల కావచ్చు అని. రేపెవరైనా నిలదీస్తే ఆ 'కావచ్చు' చాటున దాక్కోవచ్చని నా తెలివి. కాగితం పైకి వెళ్లాక ఆ మాట ఎవరూ చదవలేదు. వారం తిరక్కుండా మిల్లుకు నోటీసు వచ్చింది. మూడు వారాల్లో బాయిలరుకు సీలు వేస్తారు. నేను మాత్రం కాలరెగరేసుకుని తిరిగాను, చీర కట్టుకునేవాళ్లకు కాలరుంటే.

నోటీసు వచ్చిన వారానికి రైతుల సంతకాల కోసం మళ్లీ ఆ ఊరు వెళ్లాం. పెద్దాయన తోట అంచునే నులకమంచం వేసి కూచోబెట్టారు. మా జీపు డ్రైవరు ఎండకు తాళలేక బండిని ఒక గుబురు మామిడి చెట్టు కింద పెట్టాడు. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. బండి అద్దం మీద చిన్న గీత పడినా ఆయనకు నిద్ర పట్టదు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి వచ్చేసరికి బాబాయ్ బకెట్ నీళ్లతో అద్దం మీద కుస్తీ పడుతున్నాడు. "మేడమ్ గారండీ, చూడండి, ఎంత రుద్దినా వదలట్లేదు" అన్నాడు. "తర్వాత చూద్దాం బాబాయ్" అని లోపలికి వెళ్లిపోయాను. పది నిమిషాల తర్వాత తలుపు దగ్గర నిలబడి, "చీమలు కూడా పట్టేసినయ్యండీ" అన్నాడు. "అబ్బా, బండి కడుక్కోవడం కూడా నేనే చెప్పాలా?" అని కసిరాను. ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ కసురు ఇప్పటికీ గుర్తుంది, దానికి మాత్రం సిగ్గుపడతాను.

అంతలోకే మిల్లులో పనిచేసే ఆడవాళ్లు వచ్చారు. ముప్పై మంది దాకా ఉంటారు. ధాన్యం ఎండబోసి తిరగేసేది, తూర్పారబట్టేది, బస్తాలు కుట్టేది వాళ్లే. చుట్టుపక్కల మూడు ఊళ్లవాళ్లు. వాళ్లలో ఒకావిడ, రూపాయి బిళ్లంత బొట్టు, గట్టి గొంతు, నా టేబులు ముందుకు వచ్చింది.

"మేడమ్ గారండీ, మీరు రాసిన కాయితంతో మా పని పోతందంట, నిజమేనా?"

"అలా అని కాదు. పొగ వల్ల తోటలు పాడవుతున్నాయి. అందరి మంచీ చూడాలిగా" అన్నాను, ఏదో మీటింగులో మాట్లాడినట్టు.

"మంచి చూడండి. నేను కాదనట్లా. కానీ మా మిల్లు గోడకు ఆనుకుని కరేపాకు చెట్టుందండి. గొట్టం కిందే. రోజూ దాని ఆకే కోసుకెళ్లి కూరలో ఏసుకుంటాం. ఊదితే బూడిద పోద్ది. నల్లగా ఉంటే ఏసుకుంటామా? గొట్టం కింద చెట్టుకు లేని మసి అంత దూరం తోటకి ఎట్లా పోయిందండీ?"

"పరిశీలిస్తాం" అన్నాను. ఆ మాటకు అర్థమేంటో మా ఆఫీసులో బల్లలకు కూడా తెలుసు. ఆవిడకీ తెలుసు. "మా ఇళ్లల్లో పొయ్యి వెలిగేది ఆ బాయిలరు వల్లేనండి" అని ఒక్కమాట అని వెళ్లిపోయింది.

వాళ్లను సాగనంపుతూ వాకిట్లోకి వచ్చాను. బాబాయ్ ఇంకా అద్దం రుద్దుతూనే ఉన్నాడు, పాత పేపరుతో. పేపరు ముక్కలు అద్దానికి అంటుకుపోయి ఉన్నాయి. ఎందుకో దగ్గరకు వెళ్లి వేలు పెట్టాను. జిగురు. వేలు నాలుకకు తగిలించాను.

తియ్యగా ఉంది.

"అయ్యో మేడమ్ గారండీ, మందు కొట్టిన చెట్టండీ అది!" అని బాబాయ్ గోల పెట్టాడు. నాకేమీ వినిపించడంలేదు. ఆ తీపి ఎక్కడిదో తెలిసింది. మామిడి పూత మీద వేల కొద్దీ చేరే తేనెమంచు పురుగు రసం పీల్చి, తాగింది అరగక తియ్యటి జిగురును కిందికి చిమ్ముతుంది. ఆ జిగురు పడిన ఆకు మీద ఒక బూజు మొలుస్తుంది. నల్లటి బూజు. మసి తెగులు అంటాం. కాలేజీలో దీని మీద పరీక్షలో పేజీన్నర రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. దాని అసలు పేరు కాప్నోడియం. ఆ పేరు కూడా తప్పులేకుండా రాశాను. పరీక్షలో వచ్చిన జవాబు తోట దగ్గరకు వచ్చేసరికి రాలేదు.

"బాబాయ్, బండి తియ్యి" అన్నాను.

"అద్దం...?"

"అద్దం అట్లాగే ఉంచు. దానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి."

ఈసారి ఆకు చూడటానికే జీపు దిగాను. కంచె దాటాను. తోట నడిమధ్యకు వెళ్లాను. నలభై ఏళ్ల చెట్లు, కొమ్మలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయి మిట్టమధ్యాహ్నం కూడా నేలకు ఎండ తగలడంలేదు. ఒక పూతగుత్తిని పట్టుకుని కుదిపాను. చిటపటమంటూ పురుగులు మొహాన కొట్టాయి. కింద రాళ్లు నల్లగా ఉన్నాయి, గడ్డి నల్లగా ఉంది. బొటనవేలు తడిచేసి ఆకు మీద రుద్దితే నలుపు పలచటి పొరలా లేచింది. పైన మందు కొట్టిన మాట నిజమే. కానీ కింద నిలబడి కొట్టిన మందు బయటి ఆకులదాకానే చేరింది. లోపలున్న పురుగుకు అదొక చిరుజల్లు, అంతే.

మిల్లు దగ్గర కరివేపాకు చెట్టు కూడా చూశాను. బూడిద ఉంది. ఊదితే పోయింది. ఆవిడ చెప్పినట్టే.

అనుమానం తీరక నాలుగు ఆకులు తిరువూరు తీసుకొచ్చి, తెలిసిన ఒక జువాలజీ మేష్టారి దగ్గర మైక్రోస్కోపులో పెట్టి చూశాం. గోధుమరంగు దారాలు, పూసలు గుచ్చినట్టు. మేష్టారు కన్ను తీయకుండానే, "మసికి ఇలా కొమ్మలూ రెమ్మలూ వస్తాయా మేడమ్?" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఆ బూజు పాపం ఆకును తినదు. ఆకు మీద పడిన తీపిని తిని బతుకుతుంది. కానీ ఆకుకు ఎండ తగలకుండా కప్పేస్తుంది. బూజును చూసి మిల్లును మూసేస్తే పురుగు హాయిగా తోటలోనే ఉంటుంది. వచ్చే ఏడు పూత కూడా పోతుంది. అంటే నా రిపోర్టు వల్ల మిల్లు ఆడవాళ్లకు పనీ పోతుంది, రైతులకు తోటా దక్కదు. ఒక్క సంతకంతో ఇద్దర్నీ ముంచాను.

మా పై అధికారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన మంచి మనిషే. చాలాసేపు ఊఁ కొట్టి, చివరికి అన్నారు: "చూడమ్మా, ఒకే సంతకం రెండు మాటలు చెప్పకూడదు. సీలు వేస్తే వెయ్యనీ. రెండు నెలల తర్వాత వాళ్లే ఏదో ఒకటి చేసి తీయించుకుంటారు. నువ్వు మధ్యలో బయటపడకు."

"రెండు నెలలు ముప్పై పొయ్యిలు వెలగవు సార్" అన్నాను. ఆ మాట నాది కాదు, బొట్టావిడది. అరువు తెచ్చుకున్నా సమయానికి పనికొచ్చింది.

"నీ ఇష్టం. కానీ రాతపూర్వకంగా నన్నడగొద్దు."

అప్పుడిక మిగిలింది పెద్దాయన. నేనేం చెప్పినా ఊరు వినదు, ఆయన చెబితేనే వింటుంది. మర్నాడు ఆయన తోటకు వెళ్లి, మంచం మీద కూచోకుండా నిలబడే చెప్పాను. "నేను చెప్పింది తప్పండి. అది మసి కాదు. పురుగు వల్ల వచ్చిన బూజు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మొన్న గుడ్డ పట్టుకుని చూపించింది మీరేగా?"

"నేనే."

"ఇప్పుడు కాదంటన్నదీ మీరే."

"నేనే."

"షావుకారు ఇంట్లో టీ బాగుందా అమ్మా?"

కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతో వచ్చాయో సిగ్గుతో వచ్చాయో తెలీదు. కానీ ఆ కోపమే నాకు దారి చూపించింది. "నా మాట నమ్మొద్దు. షావుకారు మాట అంతకన్నా నమ్మొద్దు. మీ చెట్టునే అడుగుదాం. మీ ఇంట్లో దోమతెర ఉందా?" అన్నాను.

నేను చెప్పింది ఇది. గొట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండి, పైనుంచి జిగురు పడకుండా మీద వేరే కొమ్మ లేని రెండు కొమ్మలు ఆయనే ఎంచుకోవాలి. రెండింటినీ గంజితో కడుగుతాం. నలుపంతా పోతుంది. తర్వాత ఒక కొమ్మకు, పురుగులు లేకుండా దులిపి, మందు కొట్టి, దోమతెర కట్టేస్తాం. రెండోదాన్ని వదిలేస్తాం. సీలు వేసే రోజుకు ఇంకా పన్నెండు రోజులుంది. ఆ రోజు అందరిముందూ తెర విప్పుదాం. పొగైతే రెండు కొమ్మలూ నల్లబడాలి. పురుగైతే ఒకటే నల్లబడాలి.

ఆయన గొట్టం వైపు చూశాడు. "వాళ్ల మనుషులొచ్చి తుడిచేస్తే?"

"ముడి మీరే వెయ్యండి. కాపలా మీరే ఉండండి. తెర కట్టాక నేను ముట్టుకోను."

గంజికి మళ్లీ మిల్లుకే వెళ్లాల్సి వచ్చింది. నూకలు ఉడకబెట్టి పల్చటి గంజి ఇమ్మని బొట్టావిడను అడిగితే, "మా పని ఊడగొట్టి మళ్లీ మా గంజే అడుగుతున్నారా?" అని అంది. అని, పొయ్యి మీద డేగిసా పెట్టేసింది. గోరువెచ్చటి గంజిని బాబాయ్, నేను నిచ్చెనెక్కి ఆకాకుకీ పూశాం. ఎండకు గంజి ఎండి, అప్పడంలా బీటలిచ్చి, నల్లటి పొరను పట్టుకుని రాలిపోయింది. కింద ఆకు పచ్చగా మెరిసింది. పెద్దాయన ఒక కొమ్మను దులిపి, మందు కొట్టి, ఇంట్లోంచి తెచ్చిన దోమతెరను దానికి తొడిగి, పురికొసతో ఏడు ముళ్లు వేశాడు. ఆ రోజు నుంచి మంచం ఆ చెట్టు పక్కకు మార్చాడు.

ఆ పన్నెండు రోజులు నేను సరిగ్గా అన్నం తిన్నట్టు గుర్తులేదు. రోజూ వెళ్లేదాన్ని, దూరంగా నిలబడి చూసి వచ్చేదాన్ని. తొమ్మిదో రోజున చూస్తే దోమతెర నల్లగా ఉంది. ఊక బూడిద పడి, పక్క కొమ్మల మీది జిగురు గాలికి కొట్టి, తెల్ల తెర మాసిపోయింది. లోపల ఆకు ఎలా ఉందో కనిపించదు. పెద్దాయన మంచం మీద కూచుని నాకేసి చూసి మీసం దువ్వుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు జీపులో బాబాయ్ మెల్లగా అన్నాడు: "తెర నల్లబడితే ఏమైందండీ, తెర మీద పడింది లోపల పడనట్టేగా." పొగ తెరలోంచి కూడా పోతుంది కాబట్టి ఆయన కారణం తప్పే గానీ, ఆ రోజు నాకా మాట ఎంతో అవసరమైంది. అద్దం గురించి కసిరినందుకు అప్పుడు క్షమాపణ అడిగాను. "ఊరుకోండి మేడమ్ గారండీ" అని గేరు మార్చాడు.

సీలు వేసే రోజు వచ్చింది. మిల్లు ఆవరణలో ఒక పక్క రైతులు, ఒక పక్క ఆడవాళ్లు. సీలు వేయడానికి వచ్చిన అధికారి లక్క, కొవ్వొత్తి బల్ల మీద పెట్టుకుని కూచున్నాడు. షావుకారు ముఖం పాలిపోయి ఉంది. పెద్దాయన ప్లాస్టిక్ కవరులోంచి నా రుమాలు తీసి బల్ల మీద పరిచాడు. "ముందు తోటకి రండి. తర్వాత మీ పని కానివ్వండి" అన్నాడు.

అందరం తోటకు వెళ్లాం. తెరను చూడగానే జనంలోంచి ఒకడు అరిచాడు: "చూశారా, తెరే నల్లబడింది! ఇంకేం విప్పేది?"

పెద్దాయన ఎవరి మాటా వినలేదు. ఒక్కో ముడీ నిదానంగా విప్పాడు. ఏడో ముడి కూడా విప్పి, తెర తీసి కింద పడేశాడు.

లోపలి ఆకుల మీద పలచగా బూడిద ఉంది. బూడిదే. ఆయన వంగి ఊదాడు. పోయింది. ఆకులు పచ్చగా ఉన్నాయి. బొటనవేలు తడిచేసుకుని రుద్దాడు. వేలు చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది. తర్వాత రెండో కొమ్మ దగ్గరకు వెళ్లాడు. అక్కడ ఆకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, మీద నల్లటి చుక్కలు కమ్ముకుంటున్నాయి, చీమలు బారులు కట్టాయి. వేలు పెట్టాడు. వేలు అంటుకుంది, నల్లబడింది.

ఆయన రెండు బొటనవేళ్లూ పక్కపక్కన పెట్టుకుని చూసి అన్నాడు: "పొగకి దోమతెర అడ్డమా? పురుగుకే గదా అడ్డం."

వెనకనుంచి ఒక గొంతు, "మేడమ్‌ని మిల్లోళ్లు మేనేజ్ చేశారు" అంది.

పెద్దాయన గిరుక్కున తిరిగాడు. "ముడి నేనేశాను. పన్నెండు రాత్రులు దోమలు కుట్టించుకుని ఇక్కడ పడుకుంది నేను. మా ఇంట్లో దోమతెర లేకుండా చేసుకుంది నేను. ఎవడ్రా నన్ను మేనేజ్ చేసింది?"

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లో సగం కోపం కొట్టుకుపోయింది. కానీ సీలు అధికారి, "నాకు ఆకులతో పనిలేదండి. నా దగ్గర రిపోర్టుంది" అన్నాడు. సబబే. చేతిసంచిలోంచి రాత్రి రాసిన కాగితం తీసి, అందరికీ వినపడేలా నేనే చదివి, ఆయనకిచ్చాను. ఫలానా తేదీన నేను ఇచ్చిన రిపోర్టు తప్పు, తోటలోకి వెళ్లకుండా రాశాను, నలుపుకు కారణం తేనెమంచు పురుగు, దాని జిగురు మీద పెరిగిన బూజు, మిల్లు పొగకు సంబంధం లేదు. ఇందులో 'కావచ్చు' లేదు. కింద మాత్రం ఇంకో మాట రాశాను: ఊక బూడిద బయటికి రాకుండా గొట్టానికి జల్లెడ పెట్టించాలి. ఆ వాక్యానికి షావుకారు ముఖం మళ్లీ పాలిపోయింది. నిజం చెప్పడం మొదలుపెట్టాక సగంలో ఆపడం నాకు చేతకాలేదు.

అధికారి మిల్లుకు తిరిగొచ్చి లక్క సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. బొట్టావిడ నా దగ్గరకు వచ్చి, కొంగులోంచి గుప్పెడు కరివేపాకు తీసి నా చేతిలో పెట్టింది.

మర్నాటి నుంచి ఆ ఊళ్లో పది రోజులు గంజి వాసన. షావుకారు నూకలిచ్చాడు, ఆడవాళ్లు వంతులేసుకుని కాచారు, రైతులు ముందు చెట్ల లోపలికంటా పురుగు మందు కొట్టి, ఆ తర్వాత గంజి కొట్టారు. ఆ ఏడు కాపు నిండుగా రాలేదు, అబద్ధమెందుకు. ఆఖరున వచ్చిన పూత నిలిచింది. కాయలు ముగిశాక, "మా నాన్న పెట్టిన చెట్టు మీద కత్తి పెట్టను" అనే పెద్దాయన, తనే దగ్గరుండి లోపలి కొమ్మలు కొట్టించి నేలకు ఎండ తగిలేలా చేశాడు. రెండో ఏడు ఆయన తోట చూడటానికి ఎ.కొండూరు, పెనుగొలను నుంచి కూడా రైతులు వచ్చారు. ఆయన వాళ్లకు బొటనవేలు తడిచేసుకోవడం నేర్పుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. నాకంటే బాగా చెప్పాడు.

నాకేమైంది? మెమో వచ్చింది. రెండు భిన్నమైన నివేదికలు ఎందుకిచ్చారో సంజాయిషీ ఇమ్మని. నా సర్వీసు మొత్తం మీద ఒకే ఒక్క మెమో. మొదటిది తప్పు, రెండోది ఒప్పు కనుక, అని ఒక్క వాక్యం రాసి పంపాను. పై అధికారి ఫోన్ చేసి, "ఇలా రాస్తారా ఎవరైనా?" అన్నారు. అని, కాసేపు ఆగి, "ఫైలు మూసేశానమ్మా" అన్నారు. ఎన్నో మంచి రిపోర్టులు రాశాను, ప్రశంసాపత్రాలు వచ్చాయి. కానీ నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే కాగితం ఏదంటే, నా పేరుతో నా తప్పు ఉన్న ఆ కాగితమే. ఇది వినయం కోసం చెప్పడంలేదు. నిజంగా గర్వమే.

చాలా ఏళ్ల తర్వాత రిటైరయిన రోజు తిరువూరులోనే సభ పెట్టారు. ప్రసంగాలన్నీ అయ్యాక, వెనక వరసలోంచి పెద్దాయన కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. పక్కన బొట్టావిడ, ఆయన పడిపోకుండా చెయ్యి పట్టుకుని. చొక్కా జేబులోంచి మడత పెట్టిన గుడ్డ తీశాడు. నీలం అంచు చూసి కుర్చీలోంచి లేచాను.

"మీ సాక్ష్యం ఇన్నాళ్లూ నా దగ్గరే ఉండిపోయిందమ్మా. మా కోడలు మూడుసార్లు ఉతికింది. మరక పోలేదు" అన్నాడు.

"పోకపోతే ఏముందండి, బాగానే ఉంది" అన్నాను.

"అట్లా ఇస్తే బాగోదని గంజి పెట్టించి ఇస్త్రీ చేయించాను. గంజి మిల్లుదే, ఇదిగో ఈవిడే కాచింది."

రుమాలు తీసుకున్నాను. బిరుసుగా, అట్టలా ఉంది. శాలువాలు కప్పినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. తుడుచుకుందామంటే చేతిలో ఉన్నది అదొక్కటే రుమాలు. గంజి పాడవుతుందని చీర కొంగుతోనే తుడుచుకున్నాను.